టికెట్టక్క ఎడమ మడమ

ఆ బస్సులో గంట ఎప్పుడు పాడైందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. డ్రైవరు తల పక్కన ఇత్తడి గంట ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్నుంచి వెనక తలుపు దాకా రావాల్సిన తాడు మాత్రం సగం దారిలో తెగిపోయింది. తెగిన కొసకు రోజూ ఎక్కే ఒక పెద్దాయన తన గొడుగు తగిలించడం మొదలుపెట్టాడు. పోను పోను అది ఆయన గొడుగు కొక్కెంగా స్థిరపడిపోయింది. ఆయన పేరూ గొడుగు పెద్దాయనగా స్థిరపడిపోయింది.

గంట ఆగింది గానీ గంట చేసే పని ఆగలేదు. ఆ పనంతా టికెట్టక్క ఎడమ మడమ చూసుకునేది.

టికెట్టక్క అంటే ఆ బస్సు కండక్టరు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. భుజాన తోలుసంచి, చెవి మీద పెన్సిలు, నాలుక మీద ఎప్పుడూ ఒక మాట సిద్ధం. వెనక తలుపు దగ్గర ఆమె నిలబడే చోట నేల మీద ఇనపరేకు ఒకటి వదులుగా ఉండేది. దాని మీద మడమతో ఒకసారి తడితే బస్సు ఆగాలి, రెండుసార్లు తడితే కదలాలి. ఠప్ అంటే ఆగు. ఠప్ ఠప్ అంటే పోనీ. బస్సు కిటకిటలాడుతున్నా, చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నా, ఇంజను దాని పాట అది పాడుతున్నా, డ్రైవరుకు ఆ చప్పుడు ఠక్కున చెవిలో పడేది.

"మా ఆవిడ వంటింట్లోంచి కేకేసినా నాకు వినపడదు గానీ, నీ మడమ మాత్రం వినపడుతుందక్కా" అనేవాడతను.

"ముందు పుట్టింది నువ్వు. నన్ను అక్కా అంటావేం అన్నా?"

"ముందు ఉద్యోగంలో చేరింది నువ్వు. సర్వీసులో నువ్వే అక్కవి."

ఈ పేచీ వాళ్ళిద్దరి మధ్య ఏళ్ళ తరబడి సాగుతోంది. తెగే పేచీ కాదు, తెగాలని ఇద్దరికీ లేదు.

చెప్పుతో తడితే రేకు సరిగ్గా మోగదని టికెట్టక్క డ్యూటీ ఎక్కగానే చెప్పులు విప్పి సీటు కిందికి తోసేసేది. పైగా ఉత్తకాళ్ళతో నిలబడితే బస్సు ఎటు ఒరగబోతుందో పాదాలకు ముందే తెలిసిపోతుందని ఆమె నమ్మకం. నిజమో కాదో గానీ, ఎంత మలుపులోనూ ఆమె కడ్డీ పట్టుకోగా చూసినవాళ్ళు లేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నిలబడటం కష్టంగా ఉండేది. ఇప్పుడు కూర్చోవడం కష్టం. ఇంట్లో భోజనం కూడా గోడకు ఆనుకుని నిలబడే కానిచ్చేది. "మీకు కుర్చీ కొనడం దండగత్తయ్యా" అనేది కోడలు.

అలాంటి మనిషి కుంటడం మొదలుపెట్టింది.

ముందు ఎవరూ గమనించలేదు. తర్వాత గొడుగు పెద్దాయన గమనించాడు. ఆ తర్వాత డిపో మేనేజరు గమనించాడు. డిపో మేనేజరు చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే పోట్లాడి రావచ్చు. ఆయన టికెట్టక్కను గదిలోకి పిలిచి, కూర్చోమని, ఆమె కూర్చోకపోతే తానే లేచి నిలబడి మాట్లాడాడు.

"కౌంటర్లో ఒక సీటు ఖాళీ అవుతోందమ్మా. నెత్తిన ఫ్యానుంటుంది. మెత్తటి కుర్చీ. హాయిగా కూర్చుని టికెట్లు ఇవ్వొచ్చు."

"నాకు బస్సే హాయిగా ఉంటుంది సార్."

"కుంటుతున్నారు కదమ్మా. కదిలే బండిలో పడితే ఎవరిది పూచీ? వచ్చే నెల మొదట్లో నేనే మీ బస్సెక్కి చూస్తాను. అప్పటికి బాగైతే సరే. లేదంటే కౌంటరే. మీ మంచికే చెబుతున్నాను."

తిరిగి వస్తూ టికెట్టక్క ఆ కౌంటరు వైపు చూసింది. ఇనప చువ్వల కిటికీ, దాని కింద చెయ్యి పట్టేంత కంత. రోజంతా ఆ కంతలోంచి జనం చేతులు తప్ప మొహాలు కనపడవు. మొహాలు చూడకుండా ఎవరినని కసురుకోవాలి? ఎవరితోనని నవ్వాలి?

ఇంటికొచ్చి మంచం మీద కాలు చాపి కోడలికి మడమ చూపించింది. బీట వారిన నేలలా ఉంది. కోడలు ముక్కున వేలేసుకుంది. ఆ పిల్ల బట్టల దుకాణంలో పని చేస్తుంది. దుకాణం పై అంతస్తులోనే కొత్తగా ఒక చేపల తొట్టి పెట్టారని, అందులో కాళ్ళు పెట్టి కూర్చుంటే చిన్నచేపలు మొద్దుబారిన చర్మాన్ని కొరికి తినేస్తాయని, అంతా సహజమైన వైద్యమని చెప్పింది.

"చేపలు నన్ను తినడమేంటే? లోకం తలకిందులైందా?"

"మిమ్మల్ని కాదత్తయ్యా. చచ్చిన చర్మాన్ని మాత్రమేనట."

"ఏది చచ్చిందో ఏది బతికుందో చేపకెలా తెలుస్తుంది?"

"టికెట్టు లేనివాడెవడో మీకెలా తెలుస్తుంది? అలాగే."

టికెట్టక్క ఇంకో మాట అందుకునేలోగా కోడలు ప్రయాణం ఖాయం చేసి, మర్నాడే బయల్దేరదీసింది.

గదిలో నీలం పలకల గోడ, పొడవాటి గాజుతొట్టి, దాని గట్టున మెత్తలు పరిచిన బల్ల. నీళ్ళలో వేలెడంత కూడా లేని చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. తొట్టి చూసుకునే అమ్మాయి తలకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, పరీక్షలు పెట్టే టీచరంత గంభీరంగా ఉంది. టికెట్టక్క కాలు ఒడిలో పెట్టుకుని, మడమ తిప్పి చూసి, తల అడ్డంగా ఆడించింది.

"ఈ కాలు తొట్టిలో పెట్టనివ్వను ఆంటీ."

"అదేంటమ్మా? కాళ్ళు బాగాలేకే కదా వచ్చాను? బాగుంటే ఇంట్లోనే ఉండేదాన్ని."

"మొద్దు చర్మం వరకైతే పర్వాలేదు. మీ పగుళ్ళలో రక్తం కనపడుతోంది. పచ్చిపుండుతో దిగితే మీకూ మంచిది కాదు, మీ తర్వాత దిగేవాళ్ళకూ మంచిది కాదు. డాక్టరుకు చూపించుకోండి. పూర్తిగా మానాక రండి. షుగరు ఉందా?"

"లేదు. నోట్లో కాస్త కారం ఉంది."

అమ్మాయి నవ్వాపుకుని రెండో కాలు కూడా చూసింది. అది చక్కగా, నున్నగా ఉంది. ఆ కాలు చూసి, ఈ కాలు చూసి, "ఆంటీ, ఇవి రెండూ ఒకరి కాళ్ళేనా?" అంది.

"ఎడమది డ్యూటీ చేస్తుందమ్మా. కుడిది ఊరికే తోడొస్తుంది."

"ఏం డ్యూటీ అత్తయ్యా?" అంది కోడలు వెంటనే.

టికెట్టక్క మాట మార్చేసింది. మడమే గంట అని ఇంట్లో తెలిస్తే కోడలు ఊరుకోదు, డిపోకు వెళ్ళి చెబుతుంది. గంట పాడైందని తెలిస్తే బండిని వర్క్‌షాపుకు పంపేస్తారు. బండి లేకపోతే తనను ఒక బస్సుకు, డ్రైవరును ఇంకో బస్సుకు వేసేస్తారు. ఈ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. డ్రైవరూ ఆమే ఒకరోజు టీ తాగుతూ అనుకున్నారు. అప్పట్నుంచి గంట ఊసెత్తలేదు.

సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పగుళ్ళకు పూతమందు, కాళ్ళకు మేజోళ్ళు, నడవొద్దని ఆజ్ఞ. కోడలు దుకాణానికి వెళ్తూ వెళ్తూ పక్కింటావిడను కాపలా పెట్టి పోయేది. రోజులు గడిచేకొద్దీ పగుళ్ళు పూడుకున్నాయి. డాక్టరు చూసి సరేనన్నాడు. మొద్దుచర్మం మాత్రం పెంకులా అలాగే మిగిలింది. దానికి చేపలే దిక్కు.

రెండోసారి బయల్దేరేటప్పటికి పరామర్శకని డ్రైవరు వచ్చాడు. ఎక్కడికో తెలిసి, "నేనూ వస్తా. నాకూ చేపలంటే ప్రాణం" అన్నాడు.

"నీకు ఇష్టమైన చేపలు వేరన్నా. ఇక్కడ తినేది అవి, మనం కాదు."

"ఒక్కసారి వాటి వంతు కూడా రానీ."

తొట్టి అమ్మాయి ఈసారి మడమ చూసి తృప్తిపడింది. ఇద్దరి కాళ్ళూ సబ్బుతో కడిగి, బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. కోడలు ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని చోద్యం చూస్తోంది.

టికెట్టక్క కళ్ళు మూసుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత ఒక చిటికె. తర్వాత వంద చిటికెలు. "ఓయమ్మో!" అని అరిచి నవ్వింది. నవ్వుతూనే ఉంది. కళ్ళు తెరిచి చూసేసరికి తొట్టిలో చేపలన్నీ ఆమె ఎడమ మడమ చుట్టూ మూగి ఉన్నాయి. కుడికాలి దగ్గర ఒక్కటీ లేదు. డ్రైవరు కాళ్ళ దగ్గర రెండు మూడు మొహమాటానికి వచ్చినట్టు తిరుగుతున్నాయి.

ఆమెలోని కండక్టరు నిద్ర లేచింది.

"జరగండి, ముందుకు జరగండి! ముందంతా ఖాళీగా ఉంటే అందరూ ఇక్కడే వేలాడతారేం? ఏయ్ నల్లమచ్చ, నీకే చెబుతున్నా. ఆ కాలి దగ్గర చోటుంది, అటు పో!"

"ఆంటీ, అవి వినవు" అంది అమ్మాయి.

"జనమూ వినరమ్మా. అయినా చెబుతాం కదా."

డ్రైవరుకు తన కాళ్ళ పట్ల కాస్త చిన్నతనం కలిగింది. "నా దగ్గరికి రావేంటి ఇవి?"

"నువ్వు రోజంతా బూట్లేసుకుని రాజాలా కూర్చుంటావు. నీ దగ్గర వాటికేం దొరుకుతుంది?"

అతను నవ్వి, వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి చిన్నగా గురక కూడా వినిపించింది.

అప్పుడే నల్లమచ్చ చేప మడమ వదిలి టికెట్టక్క అరికాలి గుంటలోకి దూరింది. చక్కిలిగింత కాలి నుంచి నడినెత్తికి పాకింది. ఓర్చుకుంది, పెదవి కొరుక్కుంది, ఇక ఆగలేక ఎడమ మడమ ఎత్తి తొట్టి అడుగున రెండుసార్లు వేసింది.

ఠప్ ఠప్.

డ్రైవరు కళ్ళు తెరవలేదు. అతని ఎడమకాలు క్లచ్చు తొక్కింది, కుడికాలు యాక్సిలరేటరు తొక్కింది. చెయ్యి గేరు కోసం తడుముకుని, పక్కన నిలబెట్టిన నేల తుడిచే కర్రను పట్టుకుని బలంగా ముందుకు నెట్టింది. తొట్టిలో సగం నీళ్ళు లేచి ఎదురుగా కూర్చున్న కోడలిని నెత్తి నుంచి పాదాల దాకా తడిపేశాయి. ఒక చేప ఆమె ఒడిలో పడి గిలగిలలాడింది. తొట్టి అమ్మాయి మెరుపులా వచ్చి దాన్ని దోసిట్లోకి తీసుకుని నీళ్ళలో వదిలింది. అది అదే నల్లమచ్చ. ఏమీ జరగనట్టు మళ్ళీ మడమ దగ్గరికే పోయింది.

"ఏంటిది బాబాయ్?" అంది అమ్మాయి కోపంగా.

డ్రైవరు అప్పటికి పూర్తిగా మేలుకున్నాడు. "అక్క రైటిచ్చింది. బండి తీశాను" అన్నాడు.

కోడలు మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది. "రెండు దెబ్బలేస్తే బండి తియ్యడమేంటి? అత్తయ్యా, బస్సులో గంట లేదా?"

ఇక దాచి లాభం లేకపోయింది. టికెట్టక్క గొణుక్కుంటూ సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ డ్రైవరు నీళ్ళలో తేలుతున్న ఆ మడమనే చూస్తున్నాడు. చప్పుడు తప్ప దాన్ని అతనెప్పుడూ చూసి ఉండలేదు.

"అంటే ఇది పగిలింది నాకు వినిపించడానికా?" అన్నాడు చివరకు.

"ఏదో ఒకటిలే అన్నా."

"ఏదో ఒకటి కాదక్కా." ఆ తర్వాత దారి పొడవునా అతను ఒక్క జోకు వెయ్యలేదు. టికెట్టక్కకు ఏం తోచక తనే రెండు వేసింది, అవి అంత పేలలేదు.

ఇంకో రెండు విడతలు తిరిగాక మడమ మెత్తబడింది. తొట్టి అమ్మాయి గోడ మీద "నీళ్ళలో కాళ్ళు తట్టరాదు" అని బోర్డు పెట్టింది. కోడలు అడుగున దూది పరుపులాంటి బూట్లు కొనిపెట్టి, డ్యూటీలో వాటిని విప్పనని మాట తీసుకుంది. డిపోకు వెళ్ళి గంట సంగతి చెబుతానంటే మాత్రం అత్తాకోడళ్ళకు గొడవైంది. "మేనేజరు వచ్చి వెళ్ళిపోనీ, తర్వాత చూద్దాం. బూటుతోనే గట్టిగా తడతానులే" అంది టికెట్టక్క. దూది అడుగు బూటు రేకు మీద ఎలా మోగుతుందో చూసుకోవాలన్న ఆలోచన ఆమెకూ రాలేదు, డ్రైవరుకూ రాలేదు.

డిపో మేనేజరు అన్న ప్రకారమే ఉదయాన్నే ఫైలు చంకలో పెట్టుకుని బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. టికెట్టక్క ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చకచకా నడిచి టికెట్లు కొట్టింది. కుంటు కాదు కదా, కాలు తడబడనైనా లేదు. మేనేజరు మొహం విప్పారింది.

గొడుగు పెద్దాయన దిగే చోటు వచ్చింది. టికెట్టక్క బూటుకాలు ఎత్తి రేకు మీద వేసింది.

బుస్.

బస్సు ఆగలేదు. ఇంకోసారి వేసింది. బుస్. పెద్దాయన స్టాపు కిటికీలోంచి అలా అలా వెనక్కి వెళ్ళిపోయింది.

"అమ్మాయ్, నా స్టాపు!" అని పెద్దాయన తాడు కొసనుంచి గొడుగు తీసి, దాని మొనతో నేల మీద ఠప్ మనిపించాడు. బస్సు ఆగింది. ఆయన సణుక్కుంటూ దిగిపోయాడు. ఇప్పుడు బండి కదలాలి. టికెట్టక్క బుస్ బుస్ మనిపించింది. డ్రైవరు ముందు సీట్లో చెవులు రిక్కించి కూర్చుని ఉన్నాడు.

రోజూ ఎక్కే జనానికి ఆ భాష కంఠతా వచ్చు. పాపం అక్కకు సాయం చేద్దామని కూరగాయల గంప పక్కనున్న ఆవిడ రెండు తట్టింది. అదే సమయానికి కాలేజీ కుర్రాళ్ళు రెండు తట్టారు. వచ్చే స్టాపులో దిగాల్సిన ఒకాయన ముందుజాగ్రత్తగా ఒకటి తట్టాడు. పొమ్మన్నారో, ఆగమన్నారో, ఆగి పొమ్మన్నారో తెలియక డ్రైవరు బండి తీశాడు, ఆపాడు, మళ్ళీ తీశాడు. బస్సు నడిరోడ్డు మీద కప్పలా గెంతింది. మేనేజరు ఫైలు ఎగిరి గంపలో పడింది. ఆయన కడ్డీ పట్టుకుని వేలాడుతూ, "ఏంటీ తాండవం?" అని అరిచాడు.

టికెట్టక్క తన బూటు వైపు చూసుకుంది. బూటు విప్పి ఒక్క తట్టు తడితే అంతా సర్దుకుంటుంది. వంగి బూటు లేసు ముడి మీద చెయ్యి వేసింది కూడా. మడమ మళ్ళీ పగిలితే రేపు సంగతి రేపు. ముందు బస్సు నిలబడాలి.

"విప్పొద్దక్కా!"

ఆమె వంగడం అద్దంలో చూసిన డ్రైవరు బండిని పక్కకు తీసి ఆపేసి, సీటు దిగి, జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇన్నేళ్ళలో డ్యూటీ మధ్య అతను వెనక తలుపు దాకా రావడం అదే మొదలు.

"సార్, గంట పాడైంది. చాలా కాలమైంది. చెప్పనిది నేను" అన్నాడు.

"ఇద్దరం సార్" అంది టికెట్టక్క.

మేనేజరు తెగిన తాడు చూశాడు, వదులు రేకు చూశాడు, బూట్లు చూశాడు. గంపావిడ ఆయన ఫైలుకు అంటిన ఆకులు దులిపి చేతికిచ్చింది.

"అయితే కుంటు దీనివల్లేనా?"

"దీనివల్లే సార్. చేపల తొట్టిలో కాళ్ళు పెట్టి పోగొట్టుకున్నాను. ఇప్పుడు లేదుగా. చూశారుగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"బండిని వర్క్‌షాపుకు పంపి మమ్మల్ని చెరో బస్సుకు వేస్తారని..."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. మేమే అనుకున్నాం."

"ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నారా?"

"రోజూ అనుకోలేదు సార్. అప్పుడప్పుడూ" అన్నాడు డ్రైవరు.

బస్సంతా గొల్లున నవ్వింది. మేనేజరు కోపంగానే ఉండాలని చాలా ప్రయత్నించాడు గానీ మీసం కింద పెదవి మాట వినలేదు. చివరి స్టాపులో మెకానిక్కును పిలిపించాడు. మెకానిక్కు కొత్త తాడు కట్టి, వదులు రేకుకు నాలుగు మేకులు కొట్టేసరికి, డ్రైవరు చేతిలోని టీ ఇంకా చల్లారనైనా లేదు.

"కౌంటరుకు ఇంకెవరినైనా చూసుకుంటాను. ఆ బూట్లు మాత్రం విప్పకండి" అన్నాడు మేనేజరు. దిగబోతూ ఆగి, ఎవరూ వినకుండా, "ఆ చేపల తొట్టి ఎక్కడన్నారు? మా ఇంట్లో... అంటే నాకే" అని గొణిగాడు. టికెట్టక్క ఏ స్టాపులో దిగాలో చెప్పింది.

మర్నాడు పొద్దున కొత్త తాడు పట్టి రెండుసార్లు లాగింది. టింగ్ టింగ్. బస్సు కదల్లేదు.

"అన్నా! రైటిచ్చాను!"

"నువ్వేనా? పక్కన ఎవరిదో సైకిలు గంట అనుకున్నానక్కా!"

ఎలాగో కదిలింది. బూటులో ఎడమ మడమ తాడుతో పాటు రెండుసార్లు తనంతట తానే లేచింది, ఎవరికీ వినపడలేదు. రెండు వీధులు దాటాక, ఏ స్టాపూ లేని చోట టింగ్ అని మోగింది. డ్రైవరు ఈసారి క్షణమైనా ఆలస్యం చెయ్యకుండా బ్రేకు వేశాడు. జనమంతా ముందుకు తూలారు. టికెట్టక్క తూలలేదు. తలెత్తి చూసింది. నున్నటి కొత్త తాడుకు గొడుగు ఒకటి ఊగుతోంది. దాని కింద పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు.

"పెద్దాయనా! ఆ గొడుగు తియ్యండి!"

"నా కొక్కెం మీరు లాక్కుంటే నేనెక్కడ తగిలించుకోనమ్మాయ్?"

టికెట్టక్క ఆయన గొడుగు తీసి తన భుజం సంచికి తగిలించుకుని, తాడు రెండుసార్లు లాగి, "జరగండి, ముందుకు జరగండి!" అంటూ టికెట్లు కొట్టడానికి ముందుకు నడిచింది.